లేబుల్ మీద ఏడూ పది

సెలైన్ బ్యాగ్ మీద రాసిన టైమ్ ఇంకా రానే లేదు!

హెడ్ నర్స్ కళ్లు నులుముకుంటుంది. నిన్న పొద్దున్నుంచీ డ్యూటీలోనే ఉంది. కళ్లే మోసం చేస్తున్నాయేమో...

లేదు. లేబుల్ మీద ఏడూ పది. ఆపరేషన్ థియేటర్ గోడ గడియారంలో ఆరూ నలభై.

మూడు స్టాండ్లకి మూడు బ్యాగులు. అన్నింటికీ ట్యూబులు గుచ్చేసి ఉన్నాయి. అన్నింటి మీదా అదే టైమ్.

ట్యూబు గుచ్చిన గంటలోపు పేషెంట్‌కి ఎక్కించడం మొదలుపెట్టాలి. గంట దాటితే చెత్తబుట్టే. నిలవ ఉంటే లోపల క్రిములు చేరొచ్చు. అందుకే ఇక్కడ లేబుల్ మీద గుచ్చిన టైమ్ రాస్తారు.

మరి వీటిని గుచ్చింది ఎప్పుడు? రాత్రా?

పోయిన వారం ఒక పేషెంట్ ఆపరేషనైన సాయంత్రమే చలిజ్వరంతో వణికిపోయాడు. మూడో రోజు పోయాడు. అతనికి ఎక్కించిన బ్యాగ్ లేబుల్ మీద హెడ్ నర్స్ సొంత చెల్లెలి సంతకం! చెల్లెలూ ఇక్కడే నర్సు. సస్పెండ్ చేశారు. ఈరోజు పదింటికి విచారణ, ఆపైన పోలీసు కేసు. ఆ బ్యాగ్ నేను ముట్టుకోలేదక్కా అని చెల్లెలు మొత్తుకుంది. అక్క కూడా సగమే నమ్మింది.

నాలుగో స్టాండ్ ఖాళీ!

దాని బ్యాగ్ ఎవరో తీసుకెళ్లారు. ఏడూ పది కేసుని సర్జన్ అరగంట ముందుకు జరిపాడు. పేషెంట్ ఇప్పటికే పక్క గదిలో ఉంది...

పరుగు.

కారిడార్. తడి నేల. కాలు జారుతుంది... గోడ పట్టుకుంటుంది. తలుపు తోస్తుంది.

మంచం మీద నడివయసు పేషెంట్. చేతికి సూది. పైన బ్యాగ్. ట్యూబు క్లిప్పు మీద టెక్నీషియన్ బొటనవేలు.

అతను అక్కచెల్లెళ్లిద్దరికీ పని నేర్పిన మనిషి. ఆస్పత్రంతా బాబాయ్ అంటుంది.

"తెరవొద్దు బాబాయ్."

వేలు ఆగుతుంది. హెడ్ నర్స్ ట్యూబు ఊడదీస్తుంది. ఒక్క చుక్క కూడా దిగలేదు. ఏమైందని పేషెంట్ కంగారుగా అడిగితే, కొత్తది తెస్తామని సర్దిచెబుతుంది.

బాబాయ్ మాత్రం ఏమీ అడగడు.

ఎందుకు ఆపమన్నావని కూడా అడగడు...

ఆమెకి అర్థమవుతుంది. అతన్ని కారిడార్‌లోకి నడిపించి, బ్యాగ్ మొహానికెదురుగా పట్టుకుంటుంది.

"ఏడూ పది ఇంకా కాలేదు బాబాయ్."

అతను గోడకానుకుని అలాగే కిందికి జారిపోతాడు.

"కేసు ముందుకు జరుగుతుందని రాత్రి నాకు తెలీదమ్మా. తెలిసుంటే ఆరున్నర అని రాసేవాణ్ణి... ఇంటికెళ్లే ముందే అన్నీ గుచ్చి పెడతాను. పొద్దున ఒక గంట నిద్ర కలిసొస్తుందని. మూడేళ్లు ఏమీ కాలేదు. పోయిన వారం అయింది. భయమేసి లేబుల్ మార్చాను. నీ చెల్లెలి సంతకం నేనే పెట్టాను. మానేద్దామనే అనుకున్నానమ్మా, ఒట్టు. కానీ ఆ మనిషి పోయాక కూడా... నిన్న రాత్రి మళ్లీ గుచ్చాను."