కాటుక పట్టిన పూలు

"ఆ పువ్వు వాసన చూడకండి" అని నేను అనేలోపే ఆమె చూసేసింది. తలెత్తేసరికి ముక్కు కొన మీద నల్లటి మరక.

"ఏం, విషమా?" అంది, భయమేమీ లేకుండా.

"విషం కాదు. అది నాది."

"పువ్వా?"

"పువ్వుకి పట్టిన బూజు."

ఆమె నన్ను ఎగాదిగా చూసింది. మెడలో భూతద్దం, చేతిలో కాగితం కవర్లు, మోకాళ్ల దాకా మట్టి. "చూడ్డానికి బాగానే ఉన్నాడు, పాపం" అంది, నాకు వినిపించేలాగే.

ఇలాంటివి నాకు అలవాటే. ఇంట్లో మా అక్క నన్ను బూజుబాబు అంటుంది. అడవి పూలను పట్టి బతికే శిలీంధ్రాలను గుర్తించడం నా పని. క్వారీ పని ఆగిపోయిన ఆ కొండవాలు మీద తెల్ల పూలకు పట్టింది ఒక రకం కాటుక తెగులు. పుప్పొడి ఉండాల్సిన చోట నల్లపొడి నిండుతుంది. పువ్వు మాత్రం దర్జాగా విచ్చుకుంటుంది. తేనెటీగలు మోసపోయి వచ్చి ఆ పొడినే పక్క పువ్వుకి మోసుకుపోతాయి. గింజ ఒక్కటీ కట్టదు. ఇలాంటి తెగుళ్లు వేరే పూల మీద ఉన్నాయి కానీ ఇది వాటిలో దేనితోనూ సరిపోలడం లేదు. నాకు నిద్ర పట్టనివ్వని విషయం అదే.

ఇదంతా చెప్పాక, ఆమె తన సంచి చూపించింది. వాళ్లమ్మ నర్సరీ నడుపుతుంది. క్వారీ తినేసిన మిగతా కొండ మీద మళ్లీ ఈ పూలే నాటాలని ఒప్పందం. అందుకు గింజలు కావాలి.

"అంటే నాకు గింజలు దక్కకుండా చేసేదాన్ని మీరు గారాబం చేస్తున్నారన్నమాట."

"గారాబం కాదండి. పరిశీలన."

"కనిపించిన ప్రతి జబ్బు మొక్కనీ పీకేస్తాను."

"పీకితే నా రెండేళ్ల పని పోతుంది."

గంటసేపు వాదించుకున్నాం. చివరికి ఒక పెద్ద బండను సరిహద్దుగా పెట్టుకున్నాం. ఎడమ వైపు ఆమెది, కుడి వైపు నాది. ఆమె వెళ్లిపోయాక గుర్తొచ్చింది, ముక్కు మీద మరక సంగతి చెప్పనేలేదని.

ఆ సంగతి మర్నాడు ఆమే ఎత్తింది. "బస్సులో అందరూ నన్నే చూస్తుంటే, ఇవాళ అందంగా ఉన్నానేమో అనుకున్నాను. మీరు చెప్పొచ్చుగా."

"నేనూ అలాగే అనుకున్నాను" అన్నాను. నోరు జారింది. ఆమె మొహం అటు తిప్పుకుని గింజలు ఏరడం మొదలుపెట్టింది, అవి పచ్చివైనా సరే.

ఒకరోజు ఉన్నట్టుండి వాన పట్టుకుంది. నేను కవర్లు చొక్కాలో దాచుకున్నాను, ఆమె గింజల సంచిని పొట్టకు హత్తుకుంది. ఇద్దరం ముద్దయిపోయాం, సరుకు మాత్రం పొడిగా ఉంది. "నీ బూజు తడిసిందా?" అని అడిగింది. 'మీరు' ఎప్పుడు 'నువ్వు' అయిందో ఇద్దరం గమనించనట్టే ఉన్నాం.

"కొత్త జాతి అని తేలితే పేరెవరు పెడతారు?" అంది బండ కింద నక్కి.

"వివరం రాసేవాడే. తన పేరు పెట్టుకుంటే నవ్వుతారు. వేరేవాళ్లది పెట్టొచ్చు."

"నా పేరు పెట్టావంటే చంపేస్తాను. పూలను గొడ్డు చేసేదానికి నా పేరా?"

ఇంటికి వెళ్లగానే కంప్యూటర్లో ఆమె పేరుతో ఉన్న ఫైలు పేరు మార్చేశాను.

మరుసటి ఏడు ఆమె గింజలు నాలుగొందల మొక్కలై నర్సరీలో పూశాయి. వారంలో కొండకు చేరాలి. ఆ సమయంలో ఒక పొద్దున ఆమె నుంచి ఫోన్ వచ్చింది.

"మీరు ఒకసారి రావాలి. పూలు నల్లబడ్డాయి."

'నువ్వు' మళ్లీ 'మీరు' అయింది.

మైక్రోస్కోప్ పెట్టె మోసుకుని వెళ్లాను. గేటు దగ్గర వాళ్లమ్మ నిలబడి ఉంది. "రేపు తనిఖీకి వస్తున్నారు. కాటుక తెగులని తేలితే అన్నీ తగలబెట్టాలి. మీరిద్దరూ ఒకే కొండ మీద తిరిగారు, ఒకే సీసాలో నీళ్లు తాగారు. తెచ్చింది నువ్వే అయితే ఇప్పుడే చెప్పు బాబూ."

"చూడకుండా కాదనలేను ఆంటీ."

కూతురు పక్కనే ఉంది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. నా వైపు చూడలేదు.

షెడ్డులో బల్ల మీద స్లైడ్ పెట్టాను. నా బూజైతే గుండ్రటి రేణువులు, వాటి మీద వలలాంటి గీతలు కనబడాలి. ఫోకస్ తిప్పాను. గోధుమరంగు పూసల దండల్లాంటి పోగులు. ఇంకో పువ్వు, ఇంకోటి. అన్నీ అంతే. పువ్వు లోపలి కేసరాన్ని సూదితో చీల్చాను. లోపల పసుపుపచ్చటి పుప్పొడి నిండుగా ఉంది.

"మసి తెగులు. ఆకుల కింద పేనుబంక చేరింది, దాని జిగురు కారి పూల మీద పడింది, ఆ జిగురు మీద మసి పట్టింది. తడిగుడ్డతో తుడిస్తే పోతుంది. పువ్వుకి ఏమీ కాలేదు. గింజలు కడతాయి."

వాళ్లమ్మ స్టూల్ మీద కూలబడింది. కూతురు చటుక్కున బయటికి వెళ్లిపోయింది. నేను స్లైడ్ల ఫోటోలు నా పరిశోధన చూసే మేడంకి కూడా పంపాను, మధ్యాహ్నానికి ఆవిడా అదే మాట చెప్పింది. మర్నాడు తనిఖీకి వచ్చినాయన పది నిమిషాలు చూసి సంతకం పెట్టి వెళ్లిపోయాడు.

ఆయన వెళ్లగానే వాళ్లమ్మ నన్ను పక్కకు పిలిచింది.

"నిన్నటి నుంచి మా అమ్మాయి సరిగ్గా తినడం లేదు. మొక్కల బెంగ అనుకున్నాను. మొక్కలకేం కాలేదుగా, ఇంకా తినడం లేదు. నీకు తెగుళ్లు తెలుసు కదా. అదేమిటో చూసి చెప్పు."

కూతురు నీడ వల కింద కూర్చుని, తడిగుడ్డతో ఒక్కో ఆకూ తుడుస్తోంది. నేనూ ఒక గుడ్డ తీసుకున్నాను.

"నీకొకటి చెప్పాలి. స్లైడ్ పెట్టేముందు ఒక్క క్షణం, అది నా బూజే అయితే బాగుండు అనిపించింది. రెండో చోట కూడా దొరికితే కొత్త జాతి అనడానికి బలం ఉంటుంది."

ఆమె చెయ్యి ఆగింది. "తర్వాత?"

"తర్వాత నువ్వు గుర్తొచ్చావు. ఫోకస్ తిప్పడానికి చెయ్యి ఆడలేదు."

"ఎందుకు చెప్పావు? చెప్పకపోతే నాకు తెలిసేది కాదు."

"తెలియకుండా ఇష్టపడితే, అది నన్ను కాదుగా."

ఆమె చాలాసేపు ఒకే ఆకును తుడిచింది. "నేనూ చెప్తాను. ఆ నలుపు చూడగానే మొక్కలు పోతాయని ఏడుపు రాలేదు. ఇక అమ్మ నిన్ను గేటు లోపలికి రానివ్వదని వచ్చింది. మొక్కలు తర్వాత గుర్తొచ్చాయి. నాకే సిగ్గేసింది."

"అయితే..."

"అయితే ఏంటి, అదే. అన్నీ విడమర్చి చెప్పాలా నీకు?"

ఆమె నవ్వింది. కళ్లు తుడుచుకుంటూ నవ్వింది.

షెడ్డు గుమ్మంలోంచి వాళ్లమ్మ గొంతు వినిపించింది. "ఏం తేలింది బాబూ?"

నేను లేచి నిలబడ్డాను. "నయమయ్యేది కాదు ఆంటీ. నాకూ ఉంది."

ఆవిడ మా ఇద్దరినీ చూసింది. "సరే. సబ్బుతో చేతులు కడుక్కుని రండి" అంది. "మూడు కంచాలు పెట్టాను."