క్వేకరమ్మ పెండ్లి

“పంతులు లేడు, తాళి లేదు, అందరు నోర్లు మూసుకొని కూసున్నరు. ఇది పెండ్లా, సంతాప సభనా?”

నిచ్చెన మీంచి నర్సింగ్ విసిరిన మాటకు కింద నిలబడ్డ సునందకు కోపమూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. గల్ఫ్ దేశపు లుసైల్ నగరంలోని ఆ గ్యాలరీలో సునంద గైడు. అతను గోడలకు బొమ్మలు బిగిస్తాడు. ఆ వారం ఎక్కిస్తున్నవి ఇంగ్లండు నుంచి వచ్చిన పాతకాలపు వ్యంగ్య చిత్రాలు. క్వేకర్లనే క్రైస్తవుల పెళ్లిళ్లను ఎగతాళి చేస్తూ అచ్చేసినవి. గొడుగంత టోపీ పెట్టిన పెళ్లికొడుకు, బిర్రబిగుసుకున్న పెళ్లికూతురు, వెనకాల కునికిపాట్లు పడే పెద్దలు.

“వాళ్లల్ల ఇద్దరు లేసి నలుగురి ముందట మాటిస్తే చాలట. అదే పెండ్లి. నాకైతే నచ్చింది.”

“అయితే నేనిస్త మాట. నువ్వు ఊఁ అను, క్వేకరమ్మా!”

“ముందుగాల ఆ ఫ్రేమ్ సక్కగ పెట్టు. వంకరున్నది.”

ఆ పేరు అలాగే నిలిచిపోయింది. డ్యూటీ దిగాక మెట్రోలో, వాళ్లుండే అల్ వక్రా దాకా కబుర్లే కబుర్లు. దుమ్ముగాలి రేగిన సాయంత్రం అతను అడక్కుండానే ఆమె చున్నీ కొస లాక్కుని ముఖం కప్పుకున్నాడు. మర్నాడు అతని చూపు తగిలినప్పుడల్లా సునంద ఇంగ్లిషు తడబడి, టూరిస్టులు తికమకపడ్డారు.

ప్రదర్శన ముగిసిన రోజు స్టాఫంతా టీకి చేరారు. సునంద లేచి నిలబడింది.

“నేను నర్సింగ్‌ను చేసుకుంటున్న. మీ అందరి ముందట చెప్తున్న.”

తలలన్నీ నర్సింగ్ వైపు తిరిగాయి. ఇక అతను లేవాలి. పక్కనే అతని చిన్నాయన కొడుకు వరుణ్ ఫోనెత్తి వీడియో తీస్తున్నాడు. నర్సింగ్ ఆ ఫోను వంక చూసి పకపకా నవ్వాడు.

“అరే, బొమ్మలు చూసి చూసి దీనికి పిచ్చెక్కిందిరా!”

అందరూ నవ్వారు. తెల్లారేసరికి ఆ వీడియో ‘క్వేకరమ్మ పెండ్లి’ పేరుతో కార్మికుల క్యాంప్ వాట్సాప్ గ్రూపులన్నీ తిరిగింది.

బొమ్మలు దించేటప్పుడు, ఎవరూ లేని గదిలో నర్సింగ్ ఆమె చేయి పట్టుకున్నాడు.

“వరుణ్‌గాడు ఊర్ల చెప్తడని భయపడ్డ. నువ్వంటే నాకు పాణం, సునందా.”

“ఆ మాట వరుణ్ ఉన్నప్పుడు అను.”

“అంట. ఒట్టు.”

తలుపు తెరుచుకుంది. నర్సింగ్ చేయి చటుక్కున వెనక్కి పోయింది.

“ఏందన్నా, ఈడున్నవ్?” అన్నాడు వరుణ్.

“ఏం లేదురా. డ్యూటీ ముచ్చట.”

సునంద అతని ముఖంలోకి చూసింది. వస్తుందనుకున్న ఏడుపు రాలేదు.

“అవు తమ్మీ,” అంది, బ్యాగు భుజాన వేసుకుంటూ. “డ్యూటీ అయిపోయింది.”