ఎలాం గుమ్మంలో ముసుగు

మా గానెట్ రేవులో పొద్దుగూకాక ఎలాం ఇంటి ముందు ఎవరూ నడవరు. తప్పనిసరైతే పరిగెడతారు.

సరంగు ఎలాం నేను పుట్టకముందే పడవతో సహా మునిగిపోయాడు. అప్పట్నించీ ఆ ఇల్లు ఖాళీ. క్రిస్మస్ పండగ పన్నెండు రోజుల్లో మాత్రం తడిబట్టలతో వచ్చి గుమ్మంలో నిలబడతాడనీ, ఎవరైనా పేరు పెట్టి పిలుస్తారేమోనని చూస్తాడనీ మా అమ్మ చెప్పేది. పిలిస్తే...?

"పిలిచినవాళ్ళెవరూ చెప్పడానికి మిగల్లేదు," అనేది, అల్లిక ఆపకుండా.

నేను ప్రార్థన తప్పని మనిషిని. దెయ్యాల్ని నమ్మను. చీకటి పడ్డాక కాస్త నమ్ముతాను.

అక్కడ నాకు జరిగింది మావాళ్ళు ప్రతి పండక్కీ చెప్పుకుని నవ్వుతారు. వాళ్ళ నోట్లో అది ఇంకా పెరక్కముందే నేనే చెప్పేస్తున్నాను.

తప్పంతా ఒక హత్య నవలది. సరుకుల స్టీమర్లో వచ్చింది, ఊరంతటికీ అదొక్కటే. పెద్ద బంగళా, టీలో విషం, చచ్చిన జమీందారు, ఇంటినిండా అబద్ధాలాడే చుట్టాలు. మా అత్తగారు ట్రిఫీనాకి రోజూ సాయంత్రం బైబిలు చదివాక అది చదివి వినిపించేదాన్ని. నిజం చెప్పాలంటే బైబిలు కొంచెం తొందరగా చదివేదాన్ని. ఆవిడకి చలికాలం ముందు గుండె నొప్పొచ్చింది. మంచం దిగొద్దన్నాడు డాక్టరు. మేమూ దిగనివ్వలేదు.

సగం పుస్తకానికే హంతకుడెవరో తేల్చేశాను నేను. జమీందారుకి వైద్యం చేసే డాక్టరు! చర్చి కుట్టుసంఘంలో అందరి ముందూ చాటాను కూడా. నా ఊహకి తిరుగులేదని ఊళ్ళో పేరు. ఆ పేరు పెట్టింది నేనే.

ఆ పొగరు ముసుగుల వల్ల వచ్చింది. క్రిస్మస్ రోజుల్లో మావాళ్ళు మొహానికి దిండు గలీబు తగిలించుకుని, ఎవరివో బట్టలు తొడుక్కుని ఇంటింటికీ వస్తారు. గొంతు పోల్చుకోకుండా ఊపిరి లోపలికి పీలుస్తూ మాట్లాడతారు. ఎవరో సరిగ్గా చెబితే ముసుగు తియ్యాలి. తప్పు చెబితే తల అడ్డంగా ఊపుతారు. నేను ఒక్క పండక్కీ తప్పు చెప్పలేదు.

సరే. ఆ సాయంత్రం కథ చివరికొచ్చింది. డిటెక్టివ్ అందర్నీ హాల్లోకి పిలిచాడు, నోరు తెరిచాడు... తర్వాత పేజీల్లేవు. బంక ఊడి, నాకంటే ముందు చదివిన బ్లాంచ్ అక్క వంటింట్లో ఉండిపోయాయి.

"ఇప్పుడే వెళ్ళి పట్రా," అంది అత్తమ్మ.

"చీకటి పడింది అత్తమ్మా. పొద్దున్న—"

"పొద్దున్నదాకా నేనుంటానని ఎవరు చెప్పారు? డాక్టరా? డాక్టర్లు హంతకులని నువ్వేగా అన్నావు."

"ఉండకపోతే పైకెళ్ళి దేవుణ్ణే అడగండి."

"ఆయనకి ఇలాంటివి చదివే తీరికెక్కడిది? ఎవరు చంపారో తెలీకుండా పోయాననుకో... నీ మంచం చుట్టూనే తిరుగుతాను ఎఫీ."

మా ఆయన చర్చిలో పొయ్యి రాజెయ్యడానికి వెళ్ళాడు. లాంతరు పట్టుకుని బయల్దేరాను. మా కంచె దాటి మలుపు తిరిగితే ఎలాం ఇల్లు. తల వంచుకుని ఒక్క పరుగు. ఏమీ లేదు. బ్లాంచ్ అక్క పేజీలిచ్చింది, టీ ఇచ్చింది, కేకు పెట్టింది. హంతకుడెవరో మాత్రం చెప్పకుండా ముసిముసిగా నవ్వింది. పేజీలు కోటులో దాచుకుని వెనక్కి తిరిగాను.

తడి మంచు పడుతోంది.

ఎలాం గుమ్మంలో... ఎవరో ఉన్నారు.

తెల్లటి మొహం. కళ్ళు లేవు, ముక్కు లేదు. మోకాళ్ళు దాటిన వాన కోటు. అంచుల్నించి నీళ్ళు కారుతున్నాయి.

కీర్తన చదువుదామనుకున్నాను. మొదటి మాట తప్ప ఏదీ గుర్తు రాలేదు. నవల్లో డిటెక్టివ్ చెప్పినవి మాత్రం వరసగా గుర్తొచ్చాయి — కంగారు పడకు, ఆధారాలు చూడు. చూశాను. తెల్లటి మొహం కాదు... దిండు గలీబు! ముసుగు మనిషి!

"అమ్మయ్య," అన్నాను. "పొగాకు వాసన. రూబెన్‌వి నువ్వు."

తల అడ్డంగా ఊగింది.

"భుజం వాలింది. ఓబెడ్!"

అడ్డంగా.

"పొట్టి... పాస్టరమ్మగారా?"

భుజాలు కదిలాయి. నవ్వో, ఏడుపో. తల మళ్ళీ అడ్డంగానే. ఊపిరి లోపలికి పీల్చిన గొంతు గుసగుసగా అంది — "ఇంకా..."

కుట్టుసంఘం అయిపోయింది. చర్చి పాటల బృందం అయిపోయింది. చేపలవాళ్ళు, పోస్టుమాస్టరు... రేవులో బతికున్నవాళ్ళందరి పేర్లూ అయిపోయాయి. అయిపోయాయనే అనుకున్నాను.



"ఎ... ఎలాం మావయ్యా?"

తల... మెల్లగా... నిలువుగా ఊగింది. చెయ్యి ముసుగు అంచు మీదికెళ్ళింది.

ఆ మొహం చూడ్డానికి నేనక్కడ లేను. లాంతరు అక్కడ, నేను బ్లాంచ్ అక్క వంటింట్లో.

"ఎలాం... తల ఊపాడు..."

"ఎలా ఉన్నాడేంటి, చిక్కాడా?" అన్నాడు వాళ్ళాయన గార్లండ్ బావ, బూట్లు తొడుక్కుంటూ. చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాడు. గుమ్మంలో ఎవరూ లేరు. నేను విసిరేసిన లాంతరు మెట్టు మీద నిటారుగా నిలబెట్టి ఉంది.

ఇంటికొచ్చేసరికి అత్తమ్మ మెడదాకా దుప్పటి కప్పుకుని ఉంది.

"ఇంతసేపా! చదువు, చదువు."

కోటు కూడా విప్పకుండా చదివాను. హంతకుడు డాక్టరు కాదు. జమీందారు తల్లి! ఏళ్ళ తరబడి మంచం దిగలేదని అందరూ నమ్మిన ముసలావిడ. ఇంట్లో అందర్నీ అనుమానించారు, ఆవిణ్ణి తప్ప. మంచంలో ఉన్న మనిషి ఎవరి లెక్కలోకీ రాలేదు.

పేజీ దించాను. అత్తమ్మని చూశాను.

దుప్పటి చివర్నించి ఒక బూటు ముక్కు కనిపిస్తోంది. దాని కింద నేలమీద... నీళ్ళు.

అత్తమ్మ ఊపిరి లోపలికి పీల్చి, ఆ గొంతుతోనే అంది:

"ఊరందరి పేర్లూ చెప్పావు ఎఫీ. నా పేరొక్కటే చెప్పలేదు."

తిట్టాలో, ఏడవాలో తెలీలేదు. బూట్లు విప్పి, మంచులాంటి ఆ పాదాలు ఒళ్ళో పెట్టుకుని రుద్దాను.

"ఏమైనా అయ్యుంటే అత్తమ్మా!"

"ఇదే నా ఆఖరి పండగని అందరికీ తెలుసు, నాకూ తెలుసు. ముసుగేసుకుంటే కనీసం 'పడుకో' అని ఎవరూ అనరుగా."

"మరి ఎలాం అంటే తల ఊపారేం?"

"పాపం, అన్నేళ్ళకి ఒకరు పేరు పెట్టి పిలిచారు. కాదంటే నొచ్చుకోడూ?"

మంచు కరక్కముందే ఆవిడ వెళ్ళిపోయింది. ఎవరు చంపారో తెలుసుకునే వెళ్ళింది.

ఇప్పుడు ఏ ముసుగు మనిషి మా గడప తొక్కినా నేను ముందు ట్రిఫీనా పేరే చెబుతాను. మా పిల్లలు నవ్వుతారు. ముసుగులన్నీ తల అడ్డంగానే ఊపుతాయి.

మొన్నటి పండక్కి వచ్చిన ఒక పొట్టి ముసుగు మాత్రం... ఊపేముందు కాసేపు ఆలోచించింది.