నలభై రెండు గులాబీలు, ఒక కత్తెర

కిటికీ పక్క సీటు దగ్గర మొదలైంది గొడవ.

"జర జరుగు. అది నా సీటు," అంది అరుణశ్రీ.

"సీటు మీద పేరు రాసున్నదా?" అన్నాడు శ్రవణ్, ల్యాప్‌టాప్‌లోంచి తలెత్తకుండానే.

అది 2010. గచ్చిబౌలిలోని ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ క్యాబు పొద్దున్నే చేవెళ్ళలో శ్రవణ్‌ను, మొయినాబాద్ చౌరస్తాలో అరుణశ్రీని ఎక్కించుకునేది. ఆమెకు ఉద్యోగంలో అది మొదటి రోజు. మొదటి రోజే 'నా సీటు' ఎలా అయిందో ఆమెకే తెలియాలి. శ్రవణ్ మాత్రం జరిగాడు. ఎందుకంటే ఆ తర్వాత తలెత్తి చూశాడు.

"ఏందది?" ఆమె స్క్రీన్‌లోకి తొంగి చూసింది.

"ఆన్‌లైన్ పొలం. గేమ్. లెవెల్ ముప్పై ఏడు."

"టమాటకు, గులాబీకి ఒక్కతీరే నీళ్ళు పెడుతున్నవ్. నిజం పొలమైతే ఎప్పుడో మురిగిపోతుండె."

"నీకెట్ల తెలుసు?"

"చిన్న మంగళారంల మాకు గులాబీ తోట ఉన్నది. మీకో?"

"చేవెళ్ళల పైపుల షాపు."

"అనుకున్న," అంది ఆమె, కిటికీలోంచి బయటికి చూస్తూ.

ఆ ఒక్క మాటకే పడిపోయాడు మనవాడు. రెండు నెలలు పక్కపక్కనే కూర్చున్నారు, తగువులాడుకున్నారు, ఒకే డబ్బాలో పులిహోర తిన్నారు. చెప్పాల్సిన మాట మాత్రం అతని గొంతు దాటలేదు.

అక్టోబరులో శ్రవణ్‌కు పుణెలో వారం రోజుల ట్రైనింగ్ పడింది. చూసేవాళ్ళు లేకపోతే ఆన్‌లైన్ పొలం ఎండిపోతుంది. ఆట మొదటి పేజీలోనే ఎర్రక్షరాలతో రాసి ఉంది, మీ పాస్‌వర్డ్ ఎవరికీ చెప్పకండి అని. ప్రేమలో ఉన్నవాళ్ళకు ఎర్రక్షరాలు కనిపించవు. శ్రవణ్ ఆమెకు చెప్పేశాడు.

"ఎవ్వరికి చెప్పొద్దు. ఒట్టు?"

"ఒట్టు."

"రోజు నీళ్ళు పెట్టు. గులాబీలు బుధవారం పొద్దుగాల పూస్తయ్. నువ్వే ముందుగాల చూడాలె."

"ఏం, స్పెషలా?"

"చూడు నువ్వు."

స్పెషలే. నలభై రెండు గులాబీ మొక్కల్ని 'అ' ఆకారంలో నాటాడు. పచ్చగడ్డిలో పచ్చ మొక్కలు గనక పూసేదాకా ఏమీ తెలియదు. పూస్తే మాత్రం పొలం నిండా ఎర్రటి అక్షరం. తను చెప్పలేనిది మొక్కలు చెబుతాయని ధైర్యంగా రైలెక్కాడు.

మంగళవారం అరుణశ్రీకి ఆలస్యమైంది. సగం జడతో గడప దాటుతూ కేకేసింది.

"బాపూ, ల్యాప్‌టాప్‌ల మొక్కలున్నయ్, జర నీళ్ళు పెట్టు! బిందె బొమ్మ మీద నొక్కితే చాలు!"

ఒట్టు అలా మంగళవారానికే ఒట్టిపోయింది.

ఆమె తండ్రి అంజిలయ్యకు గులాబీలతో ముప్పై ఏళ్ళ సావాసం. అక్టోబరు అంటే కత్తిరింపుల నెల. అప్పుడే సగం తోట కత్తిరించి వచ్చి కూర్చున్నాడు. స్క్రీన్ మీద గుబురుగా పెరిగిన మొక్కల్ని చూసి నొచ్చుకున్నాడు. బిందె బొమ్మ పక్కనే కత్తెర బొమ్మ కనిపించింది. ఇంకేం!

కత్తెర పెట్టిన ప్రతిసారీ ఆట ఇంగ్లీషులో ఏదో అడిగింది. ఆయనకు ఇంగ్లీషు రాదు. పచ్చ బటన్ నొక్కాడు. నలభై రెండుసార్లు అడిగితే నలభై రెండుసార్లూ నొక్కాడు.

ఆయన తోటలో కత్తిరించిన మొక్క చిగురు వేసి నలభై ఐదో రోజుకు విరగబూస్తుంది. ఆ ఆటలో కత్తెర అంటే మొక్కను పీకెయ్యడమే.

బుధవారం టీ బ్రేక్‌లో శ్రవణ్ అకౌంట్ తెరిచాడు. పొలం నున్నగా ఉంది. వద్దనుకుంటే ఒక్క మాట చెబితే సరిపోయేది గదా, మొక్కలన్నీ పీకాలా? కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అక్కడికక్కడే పాస్‌వర్డ్ మార్చేశాడు.

ఇక్కడ అరుణశ్రీ మంగళవారం రాత్రే పొలం చూసి తల పట్టుకుంది.

"గులాబీలేవి బాపూ?"

"కత్తిరించిన బిడ్డా. నలభై ఐదు దినాలు ఆగు, ఎట్ల పూస్తయో చూడు."

ఒట్టు తప్పిన సంగతి శ్రవణ్‌కు ఏ మొహంతో చెప్పాలో ఆమెకు తెలియలేదు. ఫోన్ చేతిలోకి తీసుకుంది, పక్కన పెట్టింది.

సోమవారం శ్రవణ్ క్యాబులో డ్రైవర్ ఎల్లేశ్ పక్కన, ముందు సీట్లో కూర్చున్నాడు.

"కిటికీ సీటు ఖాళీగున్నది," అంది అరుణశ్రీ వెనక నుంచి.

"ఉండనీ."

"పాస్‌వర్డ్ ఎందుకు మార్చినవ్?"

"నీకు ఇంక దాంతోని పనేమున్నది?"

"నలభై రెండు మొక్కల కోసం ఇంత కోపమా?"

"మొక్కలా?" శ్రవణ్ గిర్రున వెనక్కి తిరిగాడు. "నీకవి మొక్కలా?"

"మరేంటివి, మేకలా?"

ఎల్లేశ్ నవ్వు ఆపుకోలేక దగ్గినట్టు నటించాడు. శ్రవణ్ మళ్ళీ ముందుకు తిరిగిపోయాడు.

మర్నాడు మొయినాబాద్ చౌరస్తాలో క్యాబుకు అడ్డంగా ఒక పాత స్కూటర్ ఆగింది. వెనక నుంచి అరుణశ్రీ దిగింది. ముందున్నది అంజిలయ్య.

"గులాబీల పిలగాడు నువ్వేనా? తాళం ఎందుకు మార్చినవయ్యా? మొక్కలకు ఎరువు పెట్టే యాళ్ళయింది."

శ్రవణ్ సీట్లో ముడుచుకుపోయాడు. ఆమె తండ్రికి అంతా తెలిసిపోయిందనుకున్నాడు.

"అయినా గదేం నాటుడు? ఒక సాలు లేదు. ఈడ వంకర, ఆడ సున్న. కత్తిరించే యాళ్ళకు నా చెయ్యి పడిపోయింది."

శ్రవణ్ క్యాబులోంచి దూకేశాడు.

"కత్తిరించింది మీరా అంకుల్?"

"నేనే. ఏం, తప్పా?"

"తప్పేం లేదంకుల్! మస్తు మంచిగ చేసిన్రు!"

అరుణశ్రీ తెల్లబోయింది. "మొక్కలు పోయినందుకు గదా నీ కోపం? ఇప్పుడు మంచిగ చేసిన్రంటవేంది?"

"నువ్వు పీకినవనుకున్న."

"నేనెందుకు పీకుత?"

"అది చదివి..."

"మొక్కల్ని ఎవరన్న చదువుతరా?"

"నేనూ గదే అడుగుతున్న," అన్నాడు అంజిలయ్య. "ఎందుకు నాటినవ్ అట్ల?"

తప్పించుకునే దారి లేదు. శ్రవణ్ తల వంచుకున్నాడు.

"అది... 'అ' అంకుల్."

ఎల్లేశ్ రేడియో ఆపేశాడు. అరుణశ్రీ చున్నీ కొసను వేలికి చుట్టుకోవడం మొదలుపెట్టింది. అంజిలయ్య అతన్ని ఎగాదిగా చూశాడు.

"నా పేరు గూడ అ తోనే మొదలైతది. నా కోసమైతే కాదు గద?"

"కా... కాదంకుల్."

అంజిలయ్య స్కూటర్ స్టార్ట్ చేశాడు. "ఇంక సగం తోట కత్తిరించేది ఉన్నది. ఆదివారం రా. చెయ్యి తిరుగుతదో లేదో చూస్త."

క్యాబు కదిలింది. ఈసారి శ్రవణ్ వెనక సీట్లో ఉన్నాడు.

"మరి నీ జవాబు?" అన్నాడు మెల్లగా.

"కత్తిరించినంక నలభై ఐదు దినాలు. ఆగుతవా?" అంది ఆమె. నవ్వు దాచుకోవడానికి కిటికీ వైపు తిరిగింది గాని, అద్దంలో అంతా కనిపిస్తూనే ఉంది.

ఆదివారం అంజిలయ్య రెండు సాళ్ళు కత్తిరించే లోపు శ్రవణ్ ఆరు మొక్కలు కత్తిరించి, పదకొండు చోట్ల ముళ్ళు గుచ్చించుకున్నాడు. వెళ్ళే ముందు కొత్త పాస్‌వర్డ్‌ను అరుణశ్రీ అరచేతిలో పెన్నుతో రాశాడు. ఒట్టు పెట్టమని మాత్రం అడగలేదు.

నలభై ఐదో రోజు బుధవారం పడింది. క్యాబు వచ్చేదాకా ఆగలేక శ్రవణ్ బండి మీద తోటకే వచ్చేశాడు. అతను కత్తిరించిన ఆరింటిలో ఐదు విరగబూశాయి. ఆరోది అలిగింది.

అరుణశ్రీ గట్టు మీద కూర్చుని ల్యాప్‌టాప్ తెరిచి అతని వైపు తిప్పింది. పొలం నడుమ నలభై రెండు ఎర్ర గులాబీలు. అక్షరం ఒక్కటే: 'ఊ'.

శ్రవణ్ దాన్ని ఎన్నిసార్లు చదివాడో అతనికే తెలియదు.

"గింత చిన్న మాటకు గిన్ని దినాలా?"

"వద్దంటే చెప్పు, బాపును కత్తెర పెట్టుమంట."

ఇంతలో వెనక నుంచి అంజిలయ్య వంగి చూశాడు. "నీకంటె వంకరగ నాటింది నా బిడ్డ," అన్నాడు.  తర్వాత శ్రవణ్ భుజం తట్టాడు. "ఆదివారం మీ బాపును తోలుకరా. డ్రిప్పు పైపులు మాట్లాడాలె. ఇంకేమన్న ఉంటే అదీ మాట్లాడుకుందం."

"అట్లనే అంకుల్!"

"ఈ పక్క కొమ్మలు జర గుబురుగున్నయ్," అంటూ ఆయన స్క్రీన్ మీద కత్తెర వైపు వేలు చాచాడు.

"బాపూ, వద్దు!" ఇద్దరూ ఒక్కసారే అరిచారు.

అరిచాక గాని శ్రవణ్‌కు తెలియలేదు, తనూ ఆయన్ని బాపూ అనే పిలిచాడని.