ఆరాధన హాల్‌టికెట్‌కి మీసం

శనివారం మధ్యాహ్నం. దూరవిద్య బీకాం ఆన్‌లైన్ క్లాసులో లెక్చరర్ గారు "డిమాండ్ అంటే ఏమిటి?" అని అడిగారు.

"ఒరేయ్ సుభానీ! ఆ బస్తా నెత్తి మీదేసుకుని చస్తావా? దించరా కిందకి!"

జవాబు చెప్పింది అనిల్ కుమార్. గుంటూరులో ఓ కోల్డ్ స్టోరేజీలో మిర్చి బస్తాలు తూకం వేయించే గుమాస్తా. ఫోన్‌లో మైకు ఆపడం మరిచిపోయాడు. క్లాసులో ఉన్న నలభై మందీ పాఠం వదిలేసి సుభానీ క్షేమం కోసం ఎదురుచూశారు.

"బస్తా గారూ, మీ గొడవ ఆపితే మేం చదువుకుంటాం," అందో ఆడగొంతు. తెర మీద పేరు ఆరాధన.

అనిల్‌కి ఒళ్ళు మండింది. "మేడమ్, మీ వెనకాల గుయ్యిమంటోంది, విమానమా?"

"గ్రానైట్ పాలిష్ మిషన్. మార్టూరు. అయితే ఏంటట?"

లెక్చరర్ గారు ఇద్దరినీ క్లాసులోంచి తీసేశారు.

సాయంత్రం క్లాసు గ్రూపులో నంబరు చూసి ఆరాధన అనిల్‌కి మెసేజ్ పెట్టింది. 'అసైన్‌మెంట్ ఏం ఇచ్చారు?'

'నన్నూ గెంటేశారండీ. మీకంటే రెండు సెకన్లు ముందు.'

'అయితే మీరు సీనియర్ అన్నమాట.'

ఆ రోజు నుంచి ఇద్దరూ ఫోన్లో కలిసి చదవడం మొదలుపెట్టారు. చదువు కొంచెం, పోట్లాట ఎక్కువ. నెల తిరక్కుండానే 'మీరు' పోయి 'నువ్వు' వచ్చింది.

ఆరాధన ఇదివరకు గుంటూరులో ఏడాదిపాటు రెగ్యులర్ కాలేజీకి వెళ్ళింది. తల్లి వీరమ్మ తుంటి విరిగి మంచాన పడితే చదువు మానేసింది. ఇప్పుడు తల్లి నడుస్తోంది. ఆరాధన పాలిష్ యూనిట్‌లో కంప్యూటర్ ఆపరేటర్. అక్కడే మిషన్ మీద పనిచేసే ఇమ్మానియేలు ఆమె తండ్రి, చర్చిలో సంఘ పెద్ద కూడా.

"డిస్టెన్సా, అదీ ఒక డిగ్రీయేనా అంటున్నారు అనిల్, మా చుట్టాలు," అందోసారి.

"క్యాంటీన్లో కూర్చున్నవాడిది డిగ్రీ, బస్తాల మీద కూర్చుని చదివిన నాది కాదా? వాళ్ళ నంబరివ్వు, నేను మాట్లాడతా."

"వద్దులే. నువ్వు మాట్లాడితే ఉన్న పరువు కూడా పోద్ది."

పరీక్ష దరఖాస్తుకి ఆఖరి రోజు మార్టూరులో నెట్ పోయింది. "నీ వివరాలు, ఫోటో పంపు, నాదీ నీదీ రెండూ నేనే పెట్టేస్తా," అన్నాడు అనిల్. పెట్టేశాడు. మిర్చి ఘాటుకి కళ్ళలో నీళ్ళు కారుతుండగా, తుమ్ముకీ తుమ్ముకీ మధ్య పెట్టేశాడు.

పరీక్షకి రెండు రోజుల ముందు హాల్‌టికెట్లు వచ్చాయి. ఆరాధన తనది ఆఫీసు ప్రింటర్‌లో తీసేసరికి టీ తాగడానికి వచ్చిన ఇమ్మానియేలు కాగితం అందుకున్నాడు.

పేరు ఆరాధన. తండ్రి ఇమ్మానియేలు. ఫోటోలో పలచటి మీసంతో ఒక కుర్రాడు ఇకిలిస్తున్నాడు.

"ఎవడమ్మా వీడు?"

"క్లాస్‌మేట్ నాన్నా."

"క్లాస్‌మేట్ నీ హాల్‌టికెట్లోకి ఎట్టా వచ్చాడు?"

ఆరాధన కాగితం లాక్కుని బయటికి పరిగెత్తింది. అనిల్‌కి ఫోన్ చేసి మొదట తిట్టింది. తర్వాత ఏడ్చింది. "రెండోసారి కూడా చదువు ఆగిపోద్ది అనిల్," అంది. తిట్లకి నవ్వినవాడు ఆ మాటకి బస్తా మీద కూలబడ్డాడు. ఎదురుగా అతని హాల్‌టికెట్‌లో ఆరాధన రెండు జడలతో సీరియస్‌గా చూస్తోంది.

మర్నాడు స్టడీ సెంటర్ ముందు అనిల్ తొమ్మిదింటికే నిలబడ్డాడు. ఆటో దిగిన ఆరాధన వెనకే ఇమ్మానియేలు దిగాడు. రెండు నెలలు గొంతు మాత్రమే విన్న మనిషి ఎదురుగా వస్తే ఏం మాట్లాడాలో పుస్తకాల్లో లేదు.

"ఫోటోలో ఇంకాస్త పొడుగు అనుకున్నా," అంది ఆరాధన కోపంగా.

"పాస్‌పోర్ట్ ఫోటోలో పొడుగెలా కనపడింది?"

ఇమ్మానియేలు దగ్గాడు. ఇద్దరూ నోరు మూశారు.

లోపల ఆఫీసరు రెండు హాల్‌టికెట్లూ పక్కపక్కన పెట్టుకుని అనిల్‌ని ఎగాదిగా చూశాడు. "అనిల్ కుమార్‌వి నువ్వేగా? జడలేవయ్యా?"

"తప్పు నాదేనండి. నాది వచ్చే ఏడాదికి వదిలేయండి, పర్లేదు. ఆవిడది మాత్రం ఇవాళే మార్చండి."

ఆరాధన చప్పున తలెత్తి అతని వైపు చూసింది.

ఇమ్మానియేలు ముందుకొచ్చాడు. "అయ్యా, నా బిడ్డని ఒకసారి నేనే చదువు మాన్పించాను. అది నా గుండెల్లో ఉండిపోయింది. ఎవరి తప్పయినా గానీ, ఇద్దరి కాగితాలూ సరిచేయండి. నేను సంతకం పెడతాను."

ఆఫీసరు ఆధార్ కార్డులు చూశాడు, ఉత్తరాలు రాయించుకున్నాడు, మధ్యాహ్నం దాకా కూర్చోబెట్టాడు. చివరికి ఎవరి మొహం వాళ్ళకిచ్చాడు.

పరీక్షలు అయిదు రోజులు జరిగాయి. ఆఖరి పేపరు రాసి బయటికొస్తే వాన. మెట్ల మీద ఇద్దరే నిలబడ్డారు. ఇమ్మానియేలు రోడ్డవతల టీ కొట్లో ఉన్నాడు.

"ఏడాది వదులుకుంటానన్నావు. పిచ్చా?" అంది ఆరాధన.

"నువ్వేడిస్తే వినలేకపోయా. నువ్వంటే ఇష్టం ఆరాధనా. ఇది మటుకు తప్పు లేకుండా చెబుతున్నా."

"నాకూ ఇష్టమే. కానీ ఇంకెప్పుడూ నా ఫారాలు ముట్టుకోకు."

తడుస్తూ రోడ్డు దాటి ఇద్దరూ ఇమ్మానియేలు ముందు నిలబడ్డారు. ఆయన టీ గ్లాసు దించకుండానే అన్నాడు. "నాకు కళ్ళున్నాయి, చెప్పక్కర్లేదు. డిగ్రీ పాసవ్వండి ఇద్దరూ. అప్పుడు మీ పెద్దవాళ్ళని తీసుకురావయ్యా, మాట్లాడదాం."

అనిల్‌కి ఆనందంలో నోరు ఊరుకోలేదు. "ఒక్కళ్ళే పాసైతేనండీ?"

"పాసైనవాళ్ళు రెండోవాళ్ళకి చదువు చెప్పండి." ఇమ్మానియేలు టీ ఆఖరి గుక్క తాగాడు. "దూరవిద్యేగా, దూరంగానే కూర్చుని."

మార్టూరు వైపు వెళ్ళే బస్సొచ్చింది. ముందు ఇమ్మానియేలు ఎక్కాడు. ఆరాధన ఎక్కబోతూ ఆగి, వానలో తడిసిన చేత్తో అనిల్ చెయ్యి గట్టిగా నొక్కి, పరుగున ఎక్కేసింది.