సొరంగంలో ఊరు

ఆస్ట్రియాలోని లింజ్ నగరంలో ట్రాములు తిరిగే వీధి మీదికి కిటికీలున్న ఒక పాత ఇంటి పై అంతస్తులో రోస్విత, ఆవిడ చెల్లెలు ఒటీలియ కలిసి ఉండేవాళ్లు. ఇద్దరికీ యాభై దాటాయి. అక్క పెళ్లి మాటే ఎత్తలేదు. చెల్లెలు చేసుకుని, విడిపోయి, రెండు పెట్టెలతో తిరిగొచ్చింది. ఒటీలియని ఇంట్లో అందరూ టీలి అనే పిలిచేవారు. ఆ అందరిలో ఇప్పుడు మిగిలింది అక్క ఒక్కతే.

టీలికి చూపు పోతోంది. ఒక్కసారిగా కాదు. అంచుల నుంచి లోపలికి నెమ్మదిగా తెర మూసుకొస్తున్నట్టు పోతోంది. మందు లేదన్నాడు డాక్టరు. వసంతం దాకా ఉంటుందో లేదో చెప్పలేనన్నాడు. చూడాలనుకున్నవేవో ఈ ఆకులు రాలే కాలంలోనే చూసేయమన్నాడు.

ఆసుపత్రి మెట్లు దిగుతూనే టీలి అంది. "రైల్లో పోదాం అక్కా. కొండలూ సరస్సులూ, బొమ్మల కొలువులా ఉండే చిన్న చిన్న ఊళ్లూ. కడుపునిండా చూసేస్తా."

ఆ సాయంత్రం నుంచి వంటింటి బల్ల మీద పటం పరిచే ఉంది. టీలి భూతద్దం పట్టుకుని, ముక్కు కాగితానికి ఆనేలా వంగి, వేలితో రైలు గీతల వెంట నడిచేది. రోస్విత పక్కన కూర్చుని రైళ్ల వేళలు చదివి వినిపించేది.

"రోజుకో ఊళ్లో పెట్టె విప్పి, మళ్లీ సర్దుకోవడం నా వల్ల కాదు తల్లీ," అంది రోస్విత. "ఫెల్డ్‌కిర్క్‌లో ఒక గది తీసుకుందాం. పొద్దున్నే రైలెక్కి ఒక ఊరు చూడ్డం, సాయంత్రానికి గూటికి చేరడం."

"సరే. మరి ఇన్స్‌బ్రుక్?"

"దారిలో దాటుకుంటూ వెళ్లేదేగా అది. మళ్లీ వెనక్కి రావాలా?"

"రావాలి. అక్కడి పాత మేడ మీది బంగారు రేకుల కప్పు చూడాలి. చిన్నప్పుడు నాన్న నిన్ను తీసుకెళ్లాడు. నాకు తట్టు పోసిందని ఇంట్లో పారేశాడు. ఆ కోపం నాకింకా చల్లారలేదు."

"అమ్మో, ఇంతకాలం కడుపులో దాచుకున్నావా? ఎంత గుండె నీది!"

ఇద్దరూ నవ్వుకున్నారు. ఆ ఇంట్లో వాళ్లిద్దరూ కలిసి నవ్వడం అదే ఆఖరుసారి.

రైలు బయల్దేరిన రోజు ఆకాశం కడిగినట్టుంది. రోస్విత రొట్టెలు, జున్ను, టీలికి ఇష్టమైన గసగసాల కేకు కట్టి తెచ్చింది. ఇన్స్‌బ్రుక్ దాటాక కొండలు రెండు వైపులా దగ్గరికొచ్చాయి. మంచు పడ్డ శిఖరాలు, గడ్డి వాలుల్లో ఎర్ర కప్పుల ఇళ్లు... రోస్విత ఒక్కొక్కటీ చెబుతూనే ఉంది. టీలి కిటికీ అద్దానికి నుదురు ఆనించి వింటోంది. ఆమెకి కనిపించేది తెల్లటి మసక. అందులో ఏవో నల్లటి మరకలు.

అప్పుడు రైలు పొడవాటి సొరంగంలోకి దూరింది. రైలు పెట్టెలో దీపాలు వెలిగాయి. చెవులు మూసుకుపోయాయి. అద్దం నల్లగా మారి, రోస్వితకి తన మొహమే ఎదురుగా కనిపించింది.

"అబ్బ!" అంది టీలి. "ఏ ఊరక్కా ఇది?"

"ఊరేంటే? సొరంగంలో ఉన్నాం."

"సొరంగమా? మరి ఆ సరస్సేంటి? ఒడ్డునంతా పసుపు రంగు ఇళ్లు. కిటికీలకి పూలకుండీలు. స్టేషన్ చూడు, ఎంత ముచ్చటగా ఉందో! జనం నిలబడ్డారు. మనకి వీపు పెట్టి సరస్సు వైపు చూస్తున్నారు. ఆ చివరాయన కోటుకి నడుం దగ్గర కుట్టు ఊడింది... వేలాడుతోంది దారం."

రోస్విత చేతిలో రొట్టె అలాగే ఉండిపోయింది. తన సొంత కోటు బొత్తాలు తడుముకుని పెట్టుకునే మనిషి, ఎవడి కోటు మీదో దారప్పోగుని చూస్తోంది.

సొరంగం అయిపోయింది. ఎండ ఫెళ్లున పడింది. టీలి మొహం వాడిపోయింది.

"పోయింది," అంది. "మళ్లీ మసకే."

చూపు పోయేవాళ్లకి లేనివి కనిపిస్తాయని డాక్టరు ముందే చెప్పాడు. రోస్విత ఆ మాట గుర్తు తెచ్చుకుని మనసు సర్దుకుంది. పోనీలే, ఏదో ఒకటి అందంగా కనిపించింది కదా అనుకుంది.

ఫెల్డ్‌కిర్క్‌లో దిగినప్పటి నుంచి అనుకున్న ప్రకారమే తిరిగారు. ఒకరోజు లిండావ్ రేవు. ఒకరోజు ఆపెన్‌జెల్‌లో రంగుల బొమ్మలు వేసిన ఇళ్ల గోడలు. రోస్విత చెల్లెలి చెయ్యి పట్టుకుని, చూసిందల్లా వర్ణించి వర్ణించి గొంతు పోగొట్టుకుంది. టీలి తల ఊపేది. ఆ తలూపడంలో ఏమీ ఉండేది కాదు.

"విసుగొస్తోందా?" అనడిగింది రోస్విత, రేవు గట్టు మీద.

"నువ్వు చెబితే వినడం వేరక్కా. ఆ ఊళ్లో నువ్వేం చెప్పక్కర్లేదు. అన్నీ నాకే కనిపిస్తాయి." గుసగుసగా అడిగింది. "ఇన్స్‌బ్రుక్ ఎప్పుడు?"

రోస్వితకి అర్థమైంది. బంగారు కప్పు కోసం కాదు, ఆ దారిలో ఉన్న చీకటి కోసం.

ఇన్స్‌బ్రుక్ వెళ్లిన రోజు పొద్దున సొరంగంలో టీలి అద్దానికి అతుక్కుపోయి, చిన్నపిల్లలా నోరు తెరుచుకుని చూసింది. ఊళ్లో బంగారు కప్పు కింద నిలబెడితే, "పచ్చటి మరక," అనేసి వెనక్కి తిరిగింది. మధ్యాహ్నం రైలుకే తిరిగి వెళ్లిపోదామని పట్టుబట్టింది.

మళ్లీ సొరంగం. మళ్లీ దీపాలు.

ఈసారి రోస్వితకి ముందు వాసన తగిలింది. మూసిన పెట్టెలో, తడిసిన రాళ్ల వాసన... నీళ్లలో కుళ్లిన నాచు వాసన.

"అక్కా," గొంతు తగ్గించింది టీలి. "ఇటు తిరిగారు."

"ఎవరు?"

"అందరూ. సరస్సు చూడ్డం మానేసి ఇటు తిరిగారు. నన్నే చూస్తున్నారు." ఆమె నవ్వుతోంది. "మొహాలు ఎంత స్పష్టంగా ఉన్నాయో తెలుసా? నీ మొహం చూసి ఎన్నాళ్లయిందో నాకు..."

రైలు వేగం తగ్గింది. చక్రాలు కీచుమన్నాయి. రోస్విత కిటికీ వైపు చూసింది. చీకటి. తన మొహం, పక్కన చెల్లెలి మొహం. అద్దంలోని చెల్లెలు మాత్రం నవ్వడం లేదు...

ఆవిడ చప్పున తెర లాగేసింది. రైలు మళ్లీ ఊపందుకుంది.

మర్నాడు పొద్దున రోస్విత పటం తెరిచి, ఇంటికి వెళ్లే దారి మార్చేసింది. బ్రెగెంజ్, లిండావ్, మ్యూనిక్ మీదుగా చుట్టు తిరిగి సాల్జ్‌బర్గ్. పెద్ద సొరంగమంటూ లేని దారి. టీలికి చెప్పగానే కాఫీ కప్పు పక్కకి నెట్టేసింది.

"ఎందుకీ చుట్టు తిరుగుడు?"

"నా ఇష్టం."

"నీకు భయం."

"అవును, భయమే. ఏం?"

"వసంతానికి నాకేమీ కనిపించదు. అప్పుడు నువ్వు నాకేం చూపిస్తావక్కా? వంటింటి గోడా? ఆ ఒక్క ఊరూ నాకుండనివ్వవా?"

రోస్విత కోటు వేసుకుని స్టేషనుకి వెళ్లింది. టిక్కెట్లు మార్చుకుని వచ్చింది.

తిరుగు ప్రయాణం పట్టపగలే. లిండావ్ దాటేదాకా ఎండ ఉంది. తర్వాత పొలాల మీద పొగమంచు లేచింది. మొదట కంచెలు మునిగాయి, తర్వాత చెట్లు. చూస్తుండగానే కిటికీ అవతల ప్రపంచమే లేకుండా పోయింది. బూడిద రంగు తెలుపు, అంతే. టీలి కళ్లకి రోజూ కనిపించేది ఇదే కాబోలు అనిపించింది రోస్వితకి.

రైలు ఆగింది.

మెల్లగా, ఏ కుదుపూ లేకుండా. ఏ స్టేషనో ఎవరూ చెప్పలేదు. పెట్టెలో ఉన్నవాళ్లందరూ నిద్రపోతున్నారు. వాళ్లు ఎప్పుడు నిద్రపోయారో ఆవిడకి తెలియలేదు. తలుపు జరిగిన చప్పుడు... తడి రాళ్ల వాసన... ఎక్కడో నీళ్లు ఒడ్డుని నాకుతున్న చప్పుడు...

"వచ్చేసింది," అంది టీలి. లేచి నిలబడింది.

"కూర్చో."

"నా కోసం చోటుంచారక్కా."

"టీలీ, కూర్చో. నీ కాళ్లు పట్టుకుంటా."

రోస్విత రెండు చేతులా చెల్లెలి చెయ్యి పట్టుకుంది. టీలి లాగింది. అంత బక్కమనిషికి ఆ బలం ఎక్కడిదో, అక్కని ఈడ్చుకుంటూ తలుపు దాకా నడిచింది. మొహానికి చల్లటి గాలి తగిలింది. రోస్విత కళ్లు గట్టిగా మూసుకుంది. ఏమున్నా సరే, చూడదలుచుకోలేదు.

"కళ్లు తెరువక్కా. ఎంత బాగుందో చూడు."

తెరవలేదు.

"ఒక్క మెట్టే..."

చెయ్యి కిందికి లాగింది. రోస్విత కాలు జారింది. చెప్పు కింద తడి రాయి తగిలింది. ఒక్క క్షణం. అంతే. గొంతు చించుకుని అరుస్తూ, ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి వెనక్కి లాగింది...

కళ్లు తెరిచేసరికి తన సీట్లో ఉంది. రైలు పరుగెడుతోంది. బయట ఎండ. ఎదురుగా టీలి కూర్చుని ఉంది.

"నీ జుట్టెంత నెరిసిపోయిందక్కా," అంది.

టిక్కెట్లు చూసే ఆయన వస్తే రోస్విత అడిగింది, ఇందాక రైలు ఎక్కడ ఆగిందని. "ఎక్కడా ఆగలేదమ్మా," అన్నాడాయన. "మంచులో కూడా సరైన వేళకే నడుస్తున్నాం." ఒక చిరునవ్వు నవ్వి వెళ్లిపోయాడు.

లింజ్ చేరాక డాక్టరు రెండు మూడు సార్లు పరీక్షించి, ఏమనాలో తెలియక చేతులెత్తేశాడు. చూపు అంచుల దాకా తిరిగొచ్చింది. టీలి పేపరు చదివేది. సూదిలో దారం ఎక్కించేది. చుట్టుపక్కలవాళ్లు పూలు తెచ్చారు. రోస్విత వాళ్ల ముందు నవ్వి, వాళ్లు వెళ్లాక తలుపేసుకుని వంటింట్లోనే ఉండిపోయేది.

ఎందుకంటే ఆ చూపుతో టీలి ఏదీ చూసేది కాదు. కిటికీ దగ్గరికి పోదు. పటం మడిచి మూల పెట్టేసింది. గసగసాల కేకు ముట్టదు. గోడకి ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చుంటుంది. చెయ్యి తాకితే చెమ్మగా, నీళ్లలోంచి తీసినట్టు చల్లగా ఉంటుంది. ఆ ఊళ్లో ఏం చూశావే అని రోస్విత ఒకసారి ధైర్యం చేసి అడిగింది.

"ఏ ఊరు?" అంది టీలి.

నవంబరు వచ్చింది. పొద్దు త్వరగా వాలుతోంది. ఒకనాడు దీపాలు పెట్టే వేళకి మెట్ల మీద చప్పుడైంది. ఎవరో గోడ తడుముకుంటూ వస్తున్నారు. ఒక మెట్టు... ఆగడం... ఇంకో మెట్టు... తలుపు దాకా వచ్చి, చెక్క మీద అరచేయి పాకించి, పిడి కోసం వెతికారు.

"అక్కా," అంది బయటి గొంతు. "తలుపు తియ్యక్కా. నాకేం కనిపించట్లేదు. చలేస్తోంది."

అది టీలి గొంతు. చూపు పోతున్న రోజుల్లో వాకిట్లో తడబడే టీలి గొంతే.

రోస్విత వెనక్కి చూసింది. కుర్చీలో కూర్చున్న టీలి మెడ మాత్రం తిప్పి, పెదాల మీద వేలు పెట్టింది.

"తియ్యకు," అంది గుసగుసగా. "అది నేను కాదు."

రోస్విత చెయ్యి తలుపు పిడి మీదే ఉంది. బయట ఏడుపు. లోపల ఆ కళ్లు, రెప్ప వాల్చకుండా. ఎవరిని నమ్మాలి? తీస్తే ఏమొస్తుంది? తియ్యకపోతే చీకట్లో ఎవరు మిగిలిపోతారు? ఆవిడ తియ్యలేకపోయింది. ఏడుపు మెట్లు దిగి వెళ్లిపోయింది.

మర్నాడు వచ్చింది. ఆ మర్నాడూ వచ్చింది. రోస్విత రోజూ తలుపు దగ్గర నిలబడేది, రోజూ తియ్యలేకపోయేది. తలుపు చెక్కకి నుదురు ఆనించి, చప్పుడు రాకుండా ఏడ్చేది. రానురాను ఆ గొంతు పీలగా మారింది. పిలవడం మానేసి ఊరికే తడిమేది. తర్వాత అదీ లేదు. అంతా అయిపోయిందనుకుంది రోస్విత. నా చెల్లెల్ని నేనే చంపుకున్నాననుకుంది.

మంచు మొదలైన రోజు, ట్రాము దీపాలు వెలిగే వేళ, మెట్ల మీద మళ్లీ అడుగులు వినిపించాయి.

ఈసారి ఇద్దరు. ఒకరు తడబడుతున్నారు. రెండో మనిషి గట్టిగా, దారి తెలిసినట్టు నడుస్తోంది. మెట్టు మెట్టుకీ ఆగి, పక్కనున్నదానికి ఓపిగ్గా చెబుతోంది.

"ఇంకో మెట్టే. ఇదుగో, గోడ పట్టుకో. వచ్చేశాం టీలీ, ఇదే మన తలుపు. నేనున్నాగా, భయపడకు."

లోపల రోస్విత నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఆ మాటలు, ఆ విసుగూ ప్రేమా కలిసిన తీరు...

అది తన గొంతు.

కుర్చీలో ఉన్న టీలి లేచి దీపం ఆర్పేసింది. వచ్చి రోస్విత పక్కన నిలబడి, ఆవిడ చెయ్యి పట్టుకుంది. ఇన్నాళ్లూ చల్లగా తగిలిన ఆ చెయ్యి ఇప్పుడు చల్లగా అనిపించలేదు. తన చెయ్యి కూడా అంతే చెమ్మగా, అంతే చల్లగా ఉంది.

బయట తాళంలో చెవి దూరింది. నెమ్మదిగా తిరిగింది.