హాయిమీటరు

“ఇంకొంచెం పైకి నొక్కండి,” అన్నాడు డాక్టర్ రత్నం, స్క్రీన్ మీంచి కళ్ళు తిప్పకుండా.

కాత్యాయని గోరువెచ్చటి నువ్వులనూనె అరచేతుల్లో వేసుకుని అప్పలనరసమ్మ పాదాలు పట్టింది. ఇక వైద్యం పనిచెయ్యని రోగులను చివరి రోజుల్లో కంటికి రెప్పలా చూసుకునే హాస్పిస్ అది, భీమిలిలో సముద్రపొడ్డున ఉంది. ఆదివారమైతే చాలు, వాలంటీర్లు దిగిపోతారు. తలంటుతారు, గడ్డాలు గీస్తారు, గోరింటాకు పెడతారు. వాళ్ళందరిలోకీ చెయ్యి తిరిగిన మనిషి కాత్యాయని. ఆ సంగతి ఆవిడకూ తెలుసు.

“ఎలా ఉంది మామ్మగారూ?”

“బెమ్మాండంగున్నాది తల్లీ! పేనం లేచొచ్చినాది.”

మామ్మ మణికట్టుకు అంటించిన పట్టీ మీద దీపం మాత్రం ఎర్రగా వెలిగింది.

ఆ పట్టీ సంగతి కాస్త చెప్పుకోవాలి. మనిషికి హాయిగా ఉన్నప్పుడు నాడి నెమ్మదిస్తుంది, కండరాలు వదులవుతాయి, చర్మం మీద చెమట తగ్గుతుంది. ఇవేవీ మనం చెబితే వినేవి కావు. నోరు అబద్ధమాడుతుంది గానీ చర్మానికి ఆ విద్య రాదు. రత్నం తయారుచేసిన సెన్సర్ ఈ సంకేతాలన్నీ కలిపి చదివి, ఇబ్బందైతే ఎరుపు, ఫరవాలేదంటే పసుపు, హాయి అయితే పచ్చ దీపం వెలిగిస్తుంది. దానికో పొడుగాటి ఇంగ్లీషు పేరుంది. వాలంటీర్లు హాయిమీటరు అనేశారు. మాట పడిపోయిన రోగుల కోసం చేసిన పరికరం, ముందు మాట్లాడేవాళ్ళ దగ్గర సరిచూద్దామని తెచ్చాడు. తెచ్చి అందరి కొంపా ముంచాడు.

మన మొహమాటం ఎంత లోతో అప్పటిదాకా ఎవరికీ తెలీదు మరి. “ఇంత మెత్తగా గడ్డం ఎవరూ గియ్యలేదు బాబూ” అన్న రిటైర్డు టైలరు గారి దీపం ఎరుపు. గోరింటాకు చూసి మురిసిపోయిన టీచరమ్మ దీపం ఎరుపు. ఒక్కొక్క గదిలోంచీ ఒక్కొక్క వాలంటీరు మొహం వేలాడేసుకుని బయటికొచ్చాడు.

“మెషీన్ పాడైందేమో డాక్టరు గారూ,” అంది కాత్యాయని.

“పాడైతే నేనూ సంతోషిస్తానమ్మా. శుభ్రంగా ఉంది.”

ఆవిడ మామ్మ వైపు తిరిగింది. “నా మీదొట్టు. నిజం చెప్పండి.”

అప్పలనరసమ్మ పాదాలు దుప్పట్లోకి లాక్కుంది. “అరికాళ్ళు ముట్టుకుంటే నాకు సిన్నప్పట్నించీ సెడ్డ సిరాకు తల్లీ. నువ్వేమో అంత దూరం నుంచి బస్సెక్కి వొస్తావు. వొద్దంటే నీ మొకం సిన్నబోదా? పోనీలే, పిల్ల సరదా పడతన్నాదని ఊరుకున్నాను.”

ఇన్నాళ్ళూ ఎవరు ఎవరికి సేవ చేసినట్టు! కాత్యాయనికి ఏడుపొచ్చింది, వెంటనే పంతమూ వచ్చింది. మామ్మ వచ్చే ఆదివారం దాకా ఉంటుందో లేదోనని నర్సు పొద్దునే చెప్పింది. ఈ పూట పచ్చ దీపం వెలిగి తీరాలి.

ఇక చూడండి హడావిడి! చల్లటి గంధం తెచ్చి రాశారు. దీపం పసుపు. మామిడిపండు ఐస్‌క్రీం. పసుపే. మంచం బాల్కనీలోకి జరిపారు, పాటలు పెట్టారు. ఒకసారి దీపం పచ్చవైపు ఊగినట్టే ఊగితే గదంతా ఊపిరి బిగబట్టింది. మళ్ళీ పసుపు!

కాత్యాయని అలిసిపోయి మంచం అంచున కూలబడింది. చెమటకు ముడి ఊడి జుట్టంతా మొహం మీద పడింది.

“ఏటా జుట్టు!” అప్పలనరసమ్మ గొంతు ఒక్కసారిగా లేచింది. “బూతంలా ఉన్నావు. ఇటు తిరిగి కూకో. దువ్వెనేదీ?”

“అయ్యో, మీకెందుకండీ శ్రమ!”

“బాలికల హాస్టల్లో ఆయాగా ఎన్ని తలలు దువ్వానో నీకేటి తెలుసు? నోర్మూసుకుని కూకో.”

వణికే వేళ్ళు చిక్కుల్లోకి దూరాయి. లాగాయి, విదిలించాయి. కాత్యాయని తల కదిపితే నెత్తిన ఒక్క మొట్టికాయ పడింది.

“పచ్చ!” అని రత్నం కేక పెట్టాడు. “పచ్చ, పచ్చ! కదలకండమ్మా!”

వరండా అంతా పరుగెత్తుకొచ్చింది. టైలరు గారి చేతికి సూదీ, ఊడిన గుండీ ఇచ్చి చూశారు. పచ్చ! టీచరమ్మకు తప్పుల తడకగా ఒక ఎక్కం అప్పజెప్పారు. ఆవిడ తిట్టిన తిట్లకు పచ్చ!

ఆ తరువాతి ఆదివారం వాలంటీర్లను చూసి గేటు దగ్గర వాచ్‌మన్ హడలిపోయాడు. తల దువ్వుకున్నవాడు లేడు, చొక్కాకు గుండీలున్నవాడు లేడు. నున్నటి బట్టతల తప్ప ఏమీ లేని డాక్టర్ రత్నం కూడా నూనె సీసా పట్టుకుని మామ్మ గది ముందు వరుసలో నిలబడ్డాడు.

మామ్మ ఉంది. కానీ దువ్వెన ఎత్తలేకపోయింది. కాత్యాయని నేల మీద కూర్చుని, తలను ఆ చేతి కిందికి చేర్చింది. వేళ్ళు జుట్టు మీద అలా ఆనుకున్నాయి, అంతే.

“సిక్కులన్నీ పోయాయా తల్లీ?”

“ఒక్కటీ లేదు మామ్మగారూ,” అంది కాత్యాయని, చిక్కులతో ఉండకట్టిన జుట్టు కదలకుండా జాగ్రత్తపడుతూ. మామ్మ మణికట్టు మీద దీపం పచ్చగా వెలుగుతోంది.